పాటలన్నీ పోర్టర్‌వి, ఆల్బమ్ మాత్రం ఎల్లాది

1956లో అమెరికాలో రెండు ఎల్‌పీ రికార్డుల సెట్ ఒకటి విడుదలైంది. మొత్తం 32 పాటలు. పాడింది జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్. పాటలు రచయిత, స్వరకర్త కోల్ పోర్టర్‌వి. వాటిలో ఏ ఒక్కటీ ఆమె కోసం రాసింది కాదు. ఎక్కువ భాగం న్యూయార్క్ రంగస్థలం బ్రాడ్‌వే నాటకాల్లోవి, కొన్ని హాలీవుడ్ సినిమాల్లోవి. చాలా పాటలు అప్పటికే ఇరవై, పాతికేళ్లుగా పదిమంది నోళ్లలో నానుతున్నవే. అయినా ఆ సెట్ వచ్చాక పోర్టర్ పాట అంటే ఎల్లా పాడినట్టు ఉండాలి అన్నంతగా ఆ గొంతు జనం చెవుల్లో స్థిరపడిపోయింది. 2003లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో దీన్ని చేర్చుకుంది.

చాలామంది మళ్లీ మళ్లీ పాడే పాత పాటను ‘స్టాండర్డ్’ అంటారు, ఇలాంటి ఆల్బమ్‌ను ‘స్టాండర్డ్స్ ఆల్బమ్’ అంటారు. దీని గురించి మనవాళ్లకు చెబితే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: వేరేవాళ్ల పాటలు మళ్లీ పాడితే అందులో ఆమె గొప్పేముంది? అడగాల్సిన ప్రశ్నే. తెలుగులో మనం పాటను సినిమాతో, మొదట పాడిన గొంతుతో కలిపి గుర్తుపెట్టుకుంటాం. ఘంటసాల పాటను ఇంకొకరు ఎంత బాగా పాడినా అది ఘంటసాల పాటే. మెచ్చుకున్నా ‘అచ్చం ఆయనలాగే పాడాడు’ అని మెచ్చుకుంటాం. ఆ అలవాటుతో వింటే స్టాండర్డ్స్ ఆల్బమ్ అంతుపట్టదు. దాన్ని త్యాగరాజ కృతి వినే చెవితో వినాలి. కృతి అందరికీ తెలిసిందే. కచేరీకి వెళ్లేది ఈ రోజు ఈ విద్వాంసురాలు దాన్ని ఎలా ఎత్తుకుంటుంది, ఏ మాట దగ్గర ఆగుతుంది, ఏ సంగతి వేస్తుంది అని వినడానికి. అక్కడ మొదట ఎవరు పాడారన్న ప్రస్తావనే రాదు.

కృతి మనకు గురుశిష్య పరంపరలో వచ్చింది. స్టాండర్డ్ మాత్రం వ్యాపారంలోంచి వచ్చింది. ఆ వ్యాపారం ఎలా నడిచిందో తెలిస్తే సగం చిక్కుముడి విడిపోతుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో పాట అంటే అచ్చు కాగితం. మన్‌హాటన్‌లో వెస్ట్ 28వ వీధి చుట్టుపక్కల పాటల పబ్లిషర్ల ఆఫీసులు ఉండేవి. టిన్ పాన్ ఆలీ అని పేరుపడ్డ పేట అదే. ఇంట్లో పియానో ఉన్నవాళ్లు ఆ కాగితం కొనుక్కుని వాయించుకుంటూ పాడుకునేవారు. ఎంతమంది పాడితే పబ్లిషర్‌కు అంత లాభం. కాబట్టి పాట ఒక్క గొంతుకే అతుక్కుపోవాలని ఎవరూ కోరుకోలేదు, అందరి గొంతులకూ సరిపోయేలా రాయించారు.

దీనికి చట్టం కూడా కలిసొచ్చింది. అప్పట్లో పాటను కాగితపు చుట్టలో చిల్లులుగా కొట్టి, తనంతట తానే వాయించే పియానోలో పెట్టి వినేవారు. ఆ చుట్టలు పాటకు ‘కాపీలు’ కావని, కాబట్టి రాసినవాడికి డబ్బు ఇవ్వక్కర్లేదని 1908లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడు పార్లమెంటు కొత్త కాపీరైట్ చట్టం చేసింది. ఇలాంటి యంత్రాల మీద వచ్చే ప్రతి కాపీకీ రచయితకు డబ్బు ఇవ్వాల్సిందే అంది. అయితే ఏదో ఒక పెద్ద కంపెనీ పాటలన్నిటి హక్కులూ గంపగుత్తగా కొనేసి కూర్చుంటుందేమో అన్న భయంతో ఇంకో షరతు కూడా పెట్టింది. పాటను ఒకసారి ఎవరైనా రికార్డు చేయడానికి హక్కుదారు ఒప్పుకుంటే, ఆ తర్వాత ఇంకెవరైనా సరే కాపీకి 2 సెంట్లు కట్టి తమ సొంత రికార్డు వేసుకోవచ్చు. అనుమతి అడగక్కర్లేదు. ఆ 2 సెంట్ల రేటు 1977 చివరి దాకా మారలేదు. ఎల్లా సెట్‌నే తీసుకుంటే 32 పాటలకు, చట్టం చెప్పిన రేటు మీద, ఒక్కో సెట్‌కు 64 సెంట్లు.

ఒకే పాటకు వందల రికార్డులు రావడం వెనక ఉన్న రహస్యం చాలా వరకు ఇదే. మన దేశంలోనూ కవర్ పాటలకు, అంటే ఒకరి పాటను ఇంకొకరు మళ్లీ రికార్డు చేయడానికి, చట్టబద్ధమైన దారి ఉంది, కానీ ఇరుకు దారి. 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ ప్రకారం మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు ఆగాలి, కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి, సాంకేతికంగా అవసరమైనంతకు మించి పాటను మార్చకూడదు. మార్చకూడదన్న చోట స్టాండర్డ్ పుట్టడం కష్టం.

ఇక పాట కట్టుబడి సంగతి. ఈ పాటల్లో ఎక్కువ భాగం 32 బార్లలో (బార్ అంటే తాళంలో ఒక చిన్న కొలత) ఇమిడిపోతాయి. ఎనిమిది బార్ల బాణీ ఒకటి, అదే బాణీ ఇంకోసారి, తర్వాత దారి మళ్లించే ఎనిమిది బార్లు, మళ్లీ మొదటి బాణీ. ఇంత చిన్న, గట్టి చట్రం ఉండబట్టే జాజ్ వాళ్లు దాని మీద ఎంత దూరమైనా వెళ్లి తిరిగి ఇంటికి చేరగలిగారు. పోర్టర్ ఆ చట్రాన్ని మాటిమాటికీ సాగదీసేవాడు. ‘నైట్ అండ్ డే’ 48 బార్లు, ‘బిగిన్ ది బిగీన్’ ఏకంగా 108 బార్లు. వీటికి ముందు ‘వర్స్’ అని ఒక భాగం ఉంటుంది. నాటకంలో పాత్ర మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి జారే చోటు అది. ‘నైట్ అండ్ డే’ వర్స్ చూడండి: ఒకే స్వరం మీద మళ్లీ మళ్లీ కొడుతూ, డప్పు మోతలా, వాన చినుకులా మొదలై, ఆ తర్వాత గానీ బాణీ విచ్చుకోదు. డాన్స్ హాళ్లకు ఈ వర్స్‌తో పని లేదు. పాత 78 రికార్డులో (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఒక వైపు మూడు నిమిషాలే పట్టేది కాబట్టి అక్కడా కోత పడింది. అలా పాతికేళ్లలో చాలా పాటల వర్సులు జనానికి తెలియకుండానే పోయాయి.

1948లో కొలంబియా కంపెనీ ఎల్‌పీని తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైనే. ఒక రచయిత పాటలన్నీ వరుసగా, పూర్తిగా, కూర్చుని వినడానికి వీలు దొరికింది. ఆలోచన పూర్తిగా కొత్తదేమీ కాదు. లీ వైలీ అనే గాయని 1939, 40లలోనే స్వరకర్త జార్జ్ గెర్ష్విన్ పాటలతో, పోర్టర్ పాటలతో 78ల సెట్లు చేసింది. ఎల్లా కూడా 1950లో డెక్కా కంపెనీకి ఒక్క పియానో తోడుతో గెర్ష్విన్ పాటలు పాడింది. ఆ చిన్న రికార్డు నాకు మహా ఇష్టం. కానీ 32 పాటలు, పూర్తి ఆర్కెస్ట్రా, ఒకే రచయిత, అంత పెద్ద ఎత్తున చేయాలన్న పట్టుదల నార్మన్ గ్రాంజ్‌ది.

గ్రాంజ్ జాజ్ కచేరీల నిర్వాహకుడు. 1944 నుంచి ‘జాజ్ ఎట్ ది ఫిల్హార్మోనిక్’ పేరుతో పెద్ద హాళ్లలో కచేరీలు పెట్టేవాడు. తెల్లవాళ్లకు ఒక వైపు, నల్లవాళ్లకు ఒక వైపు అని సీట్లు విడదీస్తే కచేరీయే ఉండదని తెగేసి చెప్పేవాడు. 1955 అక్టోబర్‌లో హ్యూస్టన్‌లో అలాగే కలిపి కూర్చోబెట్టినందుకు పోలీసులు డ్రెస్సింగ్ రూమ్‌లోకి చొరబడ్డారు. పాచికలు ఆడుతున్నారని నెపం పెట్టి ఎల్లాను, జాజ్ వాద్యకారులు డిజ్జీ గిలెస్పీని, ఇలినాయ్ జాకెట్‌ను, గ్రాంజ్‌నూ అరెస్టు చేశారు. తర్వాత కేసు నిలవలేదు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆవిడ స్టూడియోలో పోర్టర్ పాటలు పాడుతోంది. ఆ గొంతులో తొణుకూ బెణుకూ వినబడదు.

డెక్కాతో ఆమె ఒప్పందం 1935 నాటిది. దాన్నుంచి బయటపడటం కూడా ఒక బేరంతోనే సాధ్యమైంది. జాజ్ బ్యాండ్ నాయకుడు బెన్నీ గుడ్‌మన్ జీవితం మీద తీసిన సినిమా పాటలను డెక్కా విడుదల చేయాలనుకుంది. అందులో వాయించిన కొందరు గ్రాంజ్ కంపెనీకి కట్టుబడ్డవాళ్లు. వాళ్లను మీకు వదులుతాను, ఎల్లాను నాకు వదలండి అన్నాడు గ్రాంజ్. ఆమె కోసమే వెర్వ్ అనే లేబుల్ పెట్టాడు. ఆర్కెస్ట్రాను కూర్చే పని బడ్డీ బ్రెగ్‌మన్ అనే పాతికేళ్ల కుర్రాడికి అప్పగించాడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో లాస్ ఏంజెలిస్‌లో కొద్ది రోజుల్లోనే రికార్డింగ్ అయిపోయింది. పియానో పాల్ స్మిత్, గిటార్ బార్నీ కెసెల్.

అప్పటికి ఎల్లాకు 38 ఏళ్లు. 1934లో న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెమ్‌లోని అపోలో థియేటర్ ఔత్సాహికుల పోటీలో గెలిచి, చిక్ వెబ్ బ్యాండ్‌లో చేరి, పిల్లల గేయంతో దేశమంతా పేరు తెచ్చుకుంది. నలభైల్లో మాటలు లేకుండా అక్షరాలతోనే సాక్సఫోన్‌లా పరిగెత్తే ‘స్కాట్’ గానంలో ఆమెకు సాటి లేదు. అంత ఆయుధం చేతిలో పెట్టుకుని ఈ ఆల్బమ్‌లో దాన్ని దాదాపు పక్కన పెట్టేసింది. ఆమె సొంతం ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

‘ఎవ్రీ టైమ్ వీ సే గుడ్‌బై’ వినండి. 1944 నాటి పాట. ప్రియుడు వీడ్కోలు చెప్పిన ప్రతిసారీ లోపల ఏదో కొంచెం చచ్చిపోతుందనే భావం. చివర్లో పాట తన సంగీతం గురించి తానే మాట్లాడుతుంది. మేజర్ నుంచి మైనర్‌కు మారడం ఎంత వింతగా ఉందో అంటుంది. పోర్టర్ అక్కడ చేసిన పని చూడండి. మేజర్ అన్న మాట కింద మేజర్ కార్డ్ (కార్డ్ అంటే ఒకేసారి కలిసి మోగే స్వరాల గుత్తి) పెట్టాడు, మైనర్ అన్న మాట కింద మైనర్ కార్డ్ పెట్టాడు. మన లెక్కలో చెప్పాలంటే, మధ్యమం ఆధారంగా నిలబడ్డ మూడు స్వరాల కార్డ్‌లో చతుశ్రుతి ధైవతం ఒక్కటే అర మెట్టు దిగి శుద్ధ ధైవతం అవుతుంది. మిగతా రెండు స్వరాలు కదలవు. ఒకే ఒక్క స్వరం కుంగితే గది మొత్తం చీకటి పడినట్టు ఉంటుంది. చాలామంది గాయకులు ఇక్కడ గొంతు వణికిస్తారు, ‘చూశారా’ అన్నట్టు ఆగుతారు. ఎల్లా అదేమీ చేయదు. స్వరాన్ని ఉన్న చోట నిలబెట్టి, మాటను స్పష్టంగా పలికి వెళ్లిపోతుంది. కార్డ్ చేయాల్సిన పని కార్డ్‌ను చేయనిస్తుంది. నేను ఎన్నిసార్లు విన్నా ఆ చోట నోట మాట రాదు.

దీనికి పక్కన గాయకుడు ఫ్రాంక్ సినాట్రాను పెట్టుకుని వింటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ‘ఐ హావ్ గాట్ యూ అండర్ మై స్కిన్’ను అతను 1956 జనవరిలో రికార్డు చేశాడు. ఎల్లా కొన్ని వారాల తర్వాత. అదే నగరం, అదే పాట. సినాట్రాకు ఆర్కెస్ట్రా కూర్చిన నెల్సన్ రిడిల్ మెల్లగా మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా వేడి పెంచి, మధ్యలో ట్రాంబోన్‌తో కట్టలు తెంచేస్తాడు. వినేవాడికి అది సినాట్రా అనే మనిషి కథగా వినబడుతుంది. ఎల్లా పాడినప్పుడు మనకు వినబడేది పాట ఎలా కట్టారో, ఏ ప్రాస ఎక్కడ పడిందో, ఏ మాట తర్వాత బాణీ ఎందుకు పైకి లేచిందో. ఇద్దరిలో ఎవరు గొప్ప అనడం దండగ. కానీ రచయిత పేరుతో వచ్చిన ఆల్బమ్‌కు కావాల్సింది ఎల్లా పద్ధతే. రికార్డు విన్న పోర్టర్ ఆమె ఉచ్చారణను మెచ్చుకున్నాడని చెబుతారు. మాట విరుపుతో బతికే రచయిత అంతకన్నా ఏం కోరుకుంటాడు!

ఉచ్చారణ ఎందుకంత ముఖ్యమో ‘యూ ఆర్ ది టాప్’తో తేలిపోతుంది. 1934 నాటి నాటకం పాట. ప్రియమైన మనిషిని లోకంలోని గొప్పవాటన్నిటితో పోల్చుకుంటూ పోయే జాబితా అది. రోమ్‌లోని కొలోసియం, పారిస్‌లోని లూవ్ర్, మిక్కీ మౌస్ అందులో ఉన్నాయి. మన మహాత్మా గాంధీ కూడా ఉన్నాడు. గాంధీ పేరుకు పోర్టర్ జత చేసిన అంత్యప్రాస బ్రాందీ. 1934లో న్యూయార్క్ ప్రేక్షకులు ఈ పేర్లకు పగలబడి నవ్వారు. ఇరవై ఏళ్లు గడిచేసరికి సగం పేర్లు పాతబడిపోయాయి. మాట ఒక్కటి నలిగినా జాబితా కూలిపోతుంది. ఎల్లా నోట ప్రతి పేరూ కడిగిన గాజులా వినబడుతుంది.

‘లవ్ ఫర్ సేల్’ది ఇంకో చరిత్ర. వీధిలో నిలబడి తనను అమ్ముకునే అమ్మాయి పాట. 1930లో నాటకంలో మొదట తెల్ల గాయనితో పాడించారు. పత్రికలు అసహ్యం అన్నాయి. అప్పుడు సన్నివేశాన్ని హార్లెమ్‌లోని కాటన్ క్లబ్ ముందుకు మార్చి, నల్లజాతి గాయని ఎలిజబెత్ వెల్ష్‌తో పాడించారు. దాంతో అభ్యంతరం పోయింది. ఆ మార్పు అమెరికా గురించి ఎంత చెబుతుందో వివరించక్కర్లేదు. రేడియోలు మాత్రం ఆ పాటను ఏళ్ల తరబడి నిషేధించాయి. పాతికేళ్ల తర్వాత దాన్ని పాడిన ఎల్లా, తల్లి పోయాక టీనేజీలో ఒక వేశ్యాగృహం బయట పోలీసులు వస్తున్నారేమో చూసే కాపలా పని చేసిందని ఆమె జీవితం గురించి పరిశోధించినవాళ్లు రాశారు. బాలికల సంస్కరణ గృహంలోనూ గడిపింది. ఆ అనుభవాన్ని ఆమె ఎప్పుడూ వేదిక మీద అమ్మకానికి పెట్టలేదు. ఈ పాటలోనూ ఏడుపు తెచ్చుకోదు.

సరిగ్గా ఇక్కడే ఆమె మీద విమర్శ కూడా ఉంది. ఆ కాలపు ఇంకో జాజ్ గాయని బిల్లీ హాలిడే గొంతులో ఉన్న గాయం ఎల్లా గొంతులో లేదని, విషాదాన్ని కూడా వెలుగులోనే పాడుతుందని అంటారు. కొంత నిజం. బ్రెగ్‌మన్ ఆర్కెస్ట్రా గురించి వచ్చిన విమర్శ మాత్రం నాకు పూర్తిగా సబబే అనిపిస్తుంది. కొన్ని పాటల్లో ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి బ్రాస్ వాయిద్యాలు వేళ కాని వేళ అరుస్తాయి, తీగ వాయిద్యాలు పంచదార పాకం పోస్తాయి. ఒక్క పియానోతో పాడిన ‘మిస్ ఓటిస్ రిగ్రెట్స్’ అన్నిటికన్నా లోతుగా తగలడం కాకతాళీయం కాదు. 1959లో నెల్సన్ రిడిల్ కూర్చిన గెర్ష్విన్ సాంగ్ బుక్ (ఒకే రచయిత పాటల ఆల్బమ్‌కు ఈ వరుసలో పెట్టిన పేరు), అయిదు ఎల్‌పీల సెట్, సంగీతపరంగా దీనికన్నా చాలా మెట్లు పైన ఉంటుంది.

అవును, పోర్టర్ దగ్గర ఆగలేదు. 1964 దాకా రాజర్స్ అండ్ హార్ట్, డ్యూక్ ఎలింగ్టన్, ఇర్వింగ్ బెర్లిన్, గెర్ష్విన్ సోదరులు, హెరాల్డ్ ఆర్లెన్, జెరోమ్ కెర్న్, జానీ మెర్సర్, మొత్తం ఎనిమిది సాంగ్ బుక్‌లు. ఈ వరుస ఇంకో పని కూడా చేసింది. ఎవరు పెద్ద రచయితలు, వాళ్ల ఏ పాటలు నిలవాలి అన్న పట్టిక తయారైంది. అంతకుముందు ఇవి రేపటికి మరిచిపోయే నాటకం పాటలు. 1956 అంటే రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ దేశాన్ని ఊపేస్తున్న ఏడు. కొత్త తరం ఆ పాటలను వదిలేయబోతున్న ఘడియలో, ఒక్కో రచయితకు ఒక్కో సంపుటం అన్నట్టు పద్ధతిగా పేర్చి అల్మారాలో పెట్టారు. ఈ రచయితల్లో ఎక్కువమంది యూదు వలస కుటుంబాల పిల్లలు. పోర్టర్ ఇండియానాలోని సంపన్న కుటుంబం బిడ్డ. ఎలింగ్టన్ ఒక్కడే నల్లజాతివాడు. వీళ్లందరి పాటలనూ జాతీయ సంపదగా దేశానికి అప్పగించింది, హ్యూస్టన్‌లో పోలీసులు అరెస్టు చేసిన నల్లజాతి స్త్రీ. మొట్టమొదటి గ్రామీ అవార్డుల్లో, 1959లో, ఆమెకు రెండు అవార్డులు వచ్చాయి. బెర్లిన్ పాటలకు పాప్ గాయనిగా ఒకటి, ఎలింగ్టన్ పాటలకు జాజ్ కళాకారిణిగా ఒకటి. ఆమె జాజా, పాపా అని ఇంకా తగవులాడేవాళ్లకు ఆ రెండు అవార్డులే సమాధానం.

ఆ పట్టిక ఎంత బలమైందో 2021లో తెలిసింది. అల్జీమర్స్ బయటపడ్డాక, 95వ ఏట, గాయకుడు టోనీ బెనెట్ పాప్ గాయని లేడీ గాగాతో కలిసి ‘లవ్ ఫర్ సేల్’ అని పోర్టర్ పాటల ఆల్బమ్ విడుదల చేశాడు. మామూలు ఎడిషన్‌లోని పది పాటల్లో తొమ్మిది, ఎల్లా 1956 సెట్‌లో ఉన్నవే. మధ్యలో లిండా రాన్‌స్టాడ్ 1983లో, నటాలీ కోల్ 1991లో, రాడ్ స్టీవర్ట్ 2002లో ఇదే దారి పట్టి లక్షల్లో అమ్మారు. ఒక్కోసారి అది రాక్ గాయకుడు వయసు మళ్లాక వేసుకునే సూటులాగా కూడా తయారైంది. రాన్‌స్టాడ్‌ను నేను ఆ లెక్కలో వేయను. ఆమె రిడిల్‌నే పిలిపించి, ఆర్కెస్ట్రాతో కలిసి పాడి, పాట ముందు తల వంచింది.

ఇప్పుడు ఈ పాటలు ఎవరివి అన్న ప్రశ్నకు చట్టం ఒక్కో దేశంలో ఒక్కో జవాబు చెబుతోంది. 1929లో అచ్చయిన ‘వాట్ ఈజ్ దిస్ థింగ్ కాల్డ్ లవ్’ 2025 జనవరి 1 నుంచి అమెరికాలో అందరి సొత్తు. ముప్ఫైల్లో వచ్చిన పాటలు ఏడాదికి కొన్ని చొప్పున బయటికి వస్తాయి. ఎల్లా 1956 రికార్డింగ్ మాత్రం అక్కడ 2066 చివరి దాకా హక్కుదారుల చేతిలోనే ఉంటుంది. మన దేశంలో సౌండ్ రికార్డింగ్‌కు 60 ఏళ్లు, రచయితకు మరణం తర్వాత 60 ఏళ్లు. పోర్టర్ 1964లో పోయాడు. కాబట్టి అతను ఒక్కడే రాసిన పాటలన్నీ ఇక్కడ 2025 మొదట్లోనే స్వేచ్ఛ పొందాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎవరైనా తమకు నచ్చిన శ్రుతిలో, నచ్చిన లయలో, నచ్చితే తెలుగు మాటలతో వాటిని రికార్డు చేసుకోవచ్చు.

అంత దూరం వెళ్లాలనుకునేవాళ్లు ముందు ‘మిస్ ఓటిస్ రిగ్రెట్స్’ వినాలి, ఆ తర్వాత ‘ఎవ్రీ టైమ్ వీ సే గుడ్‌బై’, ఆ తర్వాత సినాట్రా, ఎల్లా పాడిన ‘అండర్ మై స్కిన్’ రెండూ వెంటవెంటనే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వేరే పని చేయకుండా.